నాజిల్ మీద వేలు

2023లో వానలు వెనకబట్టి, బిలాస్‌పూర్‌లో జనం ఇళ్లకు రంగులు వేయించుకునే రోజులు. రైల్వే కాలనీ దాటగానే రోడ్డు మీద ఉంటుంది మా పెయింట్ల దుకాణం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా ఇంట్లో రైల్వేలో చేరకుండా రంగులు అమ్ముకుంటున్నది నేనొక్కదాన్నే. ఆ ఏడాదే ఒక కార్డ్‌లెస్ స్ప్రేయర్ కొని అద్దెకివ్వడం మొదలుపెట్టాను.

ఆ మెషిన్ సంగతి కొంచెం చెప్పాలి. పాత స్ప్రే గన్‌లో కంప్రెసర్ గాలి రంగును తుంపర చేస్తుంది. ఇది ఎయిర్‌లెస్, అంటే గాలితో పని లేదు. లోపలి పంపు రంగునే విపరీతమైన ఒత్తిడితో సన్నటి నాజిల్‌లోంచి బయటికి తోస్తుంది. వైరు లేదు, పైపు లేదు, పెద్ద చప్పుడూ లేదు. బ్యాటరీ పెట్టి చేత్తో పట్టుకుంటే ఆటవస్తువులా ఉంటుంది. కానీ నాజిల్‌కి ఆనించిన వేలిలోకి సూది అక్కర్లేకుండా రంగు ఎక్కించేయగలదు. గ్లవ్స్ వేసుకున్నా ఆగదు.

సింహాచలం బాబాయ్ క్యారేజ్ షెడ్‌లో పెయింటర్‌గా చేసి రిటైరయ్యాడు. మాకు చుట్టం కాదు, చిన్నప్పుడు పక్క క్వార్టర్ వాళ్లు. బోగీల మీద అక్షరాలూ అంకెలూ కుంచెతో రాసే లెటరింగ్ పని ఆయనది. రిటైరయ్యాక మా కాలనీలో గుడి బోర్డులూ ఇంటి పేర్లూ తెలుగులో రాసిపెట్టేవాడు. మా పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడమే సరిగ్గా రాదు, ఇక రాసేవాళ్లెవరు? ఆయన గన్ పట్టేది కుడిచేత్తో, షెడ్‌లో అందరికీ అలాగే నేర్పారు. కుంచె పట్టేది మాత్రం ఎడమచేత్తో. ఆ చెయ్యే ఆయన బతుకు.

సిర్గిట్టి వైపు కట్టుకున్న ఇంటికి తానే రంగు కొట్టుకుంటానని మెషిన్ కోసం వచ్చాడు. గోడకి అడుగు దూరం, మణికట్టు తిప్పకుండా చెయ్యి మొత్తం కదపాలి, ప్రతి వరస ముందు వరస మీద సగం పడాలి, రంగు వడకట్టి పోయాలి, మాస్క్ తీయకూడదు అని చెప్పాను. చివర్న అన్నిటికన్నా ముఖ్యమైనది చెప్పాను.

"బాబాయ్, నాజిల్ అడ్డుపడితే వేలు పెట్టొద్దు. ట్రిగ్గర్ లాక్ చెయ్, ప్రెషర్ వదిలెయ్, బ్యాటరీ తీసెయ్. ఆ తరవాతే నాజిల్ ముట్టుకో."

ఆయన నవ్వాడు. "తాతకి దగ్గులు నేర్పుతావేటే భానూ? ఎన్ని బోగీలకి రంగు కొట్టీసినాను! పొద్దస్తమానం వేలితోనే తుడిసీవోళ్లం. ఏటయినాది నాకు?"

"అది గాలి గన్ బాబాయ్. ఇది వేరు."

"అచ్ఛా, అచ్ఛా. బ్యాటరీ మెషినే కదే. కరుస్తాదేటి?"

మధ్యాహ్నం ఫోన్ చేశాడు. రంగు సరిగా రావడం లేదట. వడకట్టలేదని గొంతులోనే తెలిసిపోయింది. లాక్ చెయ్యమని నేను అంటూండగానే ఆయన, "తుడిసీసినాన్లే, బాగానే వస్తంది. వేలికి సీమ కుట్టినట్టయినాది, అంతే" అన్నాడు.

షట్టర్ దించేసి స్కూటర్ మీద వెళ్లాను.

ఎడమచేతి చూపుడువేలి చివర చిన్న చుక్క. రక్తం లేదు, వాపు లేదు. ఆయన మళ్లీ గోడ దగ్గరే ఉన్నాడు. పిన్ని పసుపు అద్దింది.

"ఇప్పుడే ఆస్పత్రికి పద బాబాయ్. రంగు వేలి లోపలికి పోయింది. సర్జన్ కోసి కడగాలి. ఆలస్యమైతే వేలే పోతుంది" అన్నాను.

"సూది మొనంత దానికి ఆపరేషనేటే?" అని పిన్ని నోరు నొక్కుకుంది.

సీపత్ కరెంటు ప్లాంట్‌లో పనిచేసే వాళ్ల అల్లుడికి ఫోన్ కలిపాను. "అరే దీదీ, ఛోటా సా హై, చిన్నదే కదా. రేపు డ్యూటీ దిగాక నేనే తీసుకెళ్తా" అన్నాడు. ఇక్కడ సామెత తిరగబడింది, వినేవాడికి చెప్పేవాడు లోకువ. కోపం పట్టలేక మెషిన్‌లోంచి బ్యాటరీ లాగి సంచిలో వేసుకున్నాను. అప్పుడు మాత్రం బాబాయ్ ముఖం మారింది.

"నా ఇంట్లో నా పని ఆపీడానికి నువ్వెవులే?" అన్నాడు.

బ్యాటరీ ఉన్న సంచి భుజాన వేసుకుని వచ్చేశాను.

మర్నాటికి చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. అప్పుడు తీసుకెళ్లారు, నేనూ వెళ్లాను. సర్జన్ తెరిచి చూస్తే రంగు వేలి నరం వెంట అరచేతి దాకా పాకి ఉందట. చూపుడువేలు తీసేశారు. పక్క వేలు మిగిలింది కానీ వంగదు. బయటికొచ్చిన సర్జన్, నిన్ననే ఎందుకు తేలేదని గట్టిగా అడిగాడు.

పిన్ని నా పక్కనే నిలబడి, నా వైపు చూడకుండా చెప్పింది. "కిసీనే బతాయా నహీ, సాబ్."

ఎవరూ చెప్పలేదట! నాకు ఒళ్లు మండిపోయింది. కానీ భర్త వేలు పోయిన ఆడమనిషితో ఆస్పత్రి వరండాలో ఏం వాదిస్తాను? నోరు మూసుకున్నాను. ఆ మౌనం నాకే చుట్టుకుంది. భానుమతి మెషిన్ సింహాచలం వేలు తినేసిందని కాలనీ అంతా పాకింది. కొన్ని నెలలు దాన్ని అడిగినవాళ్లే లేరు.

మళ్లీ అద్దెకి అడగడం మొదలయ్యాక ఒకరోజు బాబాయ్ దగ్గరికి వెళ్లాను. పెయింటర్లు మా దుకాణానికి వచ్చినప్పుడు ఒక్కసారి వచ్చి, ఇలా వేలు పెట్టకండిరా అని ఒక్క మాట చెప్పమని అడిగాను. నేను చెబితే వినరు, నువ్వు చెబితే వింటారు అన్నాను.

ఆయన మెల్లగా అన్నాడు. "మంచి పనోడన్న పేరొక్కటే మిగిలినాది నాకు. తప్పు సేసీసినానని నలుగురిలో నా నోటితో సెప్పించి, అదీ తీసీస్తావేటే తల్లీ?"

జాలి వేసింది. దానికన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఇంకెవరి వేలు పోవాలో అనుకున్నాను. ఆయన ఇప్పుడు కుంచె పట్టడు. కుడిచేత్తో రాద్దామని కొన్నాళ్లు చూసి మానేశాడని పిన్ని ఎవరితోనో అందట.

ఇదంతా నాకు నేర్పింది ఒకటే. చెబితే నా బాధ్యత తీరిపోతుందని అంతకుముందు అనుకునేదాన్ని. కొత్తవాడు భయపడి వింటాడు. పని వచ్చినవాడు మర్యాదకి తల ఊపుతాడు, వాడి వేళ్లు మాత్రం పాత అలవాటు ప్రకారమే పోతాయి. అందుకని స్ప్రే చేసిన అనుభవం ఉందని ఎవరు చెప్పినా, మెషిన్‌లో నీళ్లు పోసి, లాక్ చెయ్యడం, ప్రెషర్ వదలడం, బ్యాటరీ తియ్యడం నా కళ్ల ముందు వాళ్ల చేత చేయించాకే ఇస్తున్నాను. నాజిల్ మీదికి వేలు వెళ్లిందంటే ఇవ్వను. ఎంత పెద్ద మేస్త్రీ అయినా సరే. కొందరు తిట్టుకుంటూ వేరే దుకాణానికి పోతారు. ఇక్కడి నుంచి మాత్రం పది వేళ్లతోనే పోతారు.