ఎడంచేత్తో తినే మడత రొట్టె

పుస్తకాలకు అట్టలు వేసే పనిలోనే ఆయనకు ముప్పై ఏళ్లు గడిచిపోయాయి. ప్రెస్సులో అందరూ అట్టలాయన అనేవారు. సరదా పుట్టినప్పుడు భార్య కూడా అలాగే పిలిచేది. యాభై దాటినా వంటగదిలో ఆయనకు తెలిసిన విద్య కాఫీ కలపడం ఒక్కటే.

మూడో అంతస్తులోని వాళ్ల ఇంట్లో భార్య తల్లి, అంటే ఆయన అత్తగారు కూడా ఉండేది. మాటకు మాట అప్పజెప్పే మనిషి. నిరుడు చిన్నపాటి పక్షవాతం వచ్చి తగ్గింది గానీ కుడిచెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. ఎడంచేత్తో చెంచా పట్టుకుంటే సగం నోట్లోకి, సగం ఒళ్లోకి. ఎవరైనా తినిపిస్తామంటే కళ్లెర్రజేసేది. చివరికి అందరికంటే ముందే కంచం తన గదిలోకి తెప్పించుకుని, తలుపు దగ్గరగా వేసుకుని తినడం మొదలుపెట్టింది. భోజనాల బల్ల దగ్గర ఆవిడ కుర్చీలోకి ఇస్త్రీ బట్టలు వచ్చి చేరాయి.

అలా ఉండగా, ఆసుపత్రి ల్యాబులో పనిచేసే భార్యకు గురువారాలు సాయంత్రం డ్యూటీ పడింది. ఎనిమిది దాటితే గాని ఇంటికి రాదు. వంట అట్టలాయన మెడకు చుట్టుకుంది. ఏం వండాలా అని తల పట్టుకుంటే, పదమూడేళ్ల కూతురు స్నేహితురాలింట్లో తిన్న కెసడియా సంగతి చెప్పింది. పల్చటి మైదా రొట్టెలో కూరా చీజూ పెట్టి, సగానికి మడిచి, పెనం మీద రెండువైపులా కాల్చి, ముక్కలు కోసుకుని చేత్తో తినెయ్యడమే. చెంచాతో పని లేదట. ఆ చివరి మాట ఆయన చెవిలో నిలిచిపోయింది.

మొదటి గురువారం ఉత్సాహం కొద్దీ రొట్టెలో పట్టనంత కూర కుక్కాడు. ఉడికించిన రాజ్మా, మొక్కజొన్న గింజలు, క్యాప్సికం, ఉల్లిపాయలు. తిరగెయ్యబోతే సగం పెనం మీద పడి మాడింది. మిగిలినదాన్ని వేడివేడిగానే కోసి, అత్తగారిని బతిమాలి బల్ల దగ్గరికి తీసుకొచ్చాడు. ఆవిడ ముక్క ఎత్తగానే గింజలు జలజలా ఒళ్లో రాలాయి. ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో పెట్టి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఆ వారమంతా ఆయనకు అదే ధ్యాస. జిగురు రెండువైపులా పట్టకపోతే, పట్టాక కాసేపు ఆరనివ్వకపోతే ఏ అట్టయినా ఊడుతుంది. ఆ సంగతి తెలిసిన తనే రొట్టె దగ్గర తొందరపడ్డాడు. ఆదివారం, మంగళవారం మళ్లీ చేసి, తనే తిని చూసుకున్నాడు. ఈసారి రాజ్మాను మెత్తగా మెదిపాడు. కూరలు సన్నగా తరిగి, నీరు ఇగిరేదాకా వేయించి, జీలకర్ర పొడి, కారం కలిపాడు. రొట్టె సగభాగంలో కింద చీజు తురుము, మధ్యలో కూర, పైన మళ్లీ చీజు, అంచున వేలెడు ఖాళీ. సన్నసెగ మీద అట్లకాడతో నొక్కుతూ కాల్చాడు. దించాక రెండు నిమిషాలు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత కోసి, ముక్కను గాల్లో ఊపి చూశాడు. గింజ కదల్లేదు.

రెండో గురువారం కుర్చీలో బట్టలు తీసి మంచం మీద పడేసి, అత్తగారి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అత్తయ్యా, ఈసారి ఒక్క గింజ రాలినా నన్ను మళ్లీ వంటగదిలోకి రానివ్వకండి."

"రానివ్వకపోతే ఎవరు వండుతారు బాబూ?" అంటూనే ఆవిడ లేచింది.

ఎడంచేత్తో ముక్క తీసుకుని కొరికింది. చీజు తీగలా సాగింది. మనవరాలు ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఏమీ రాలలేదు. రెండో ముక్క ఆవిడే అందుకుంది. మూడోది తింటూ ప్రెస్సు కబుర్లు అడిగింది, మనవరాలి లెక్కల టీచరు నడకను వెక్కిరించింది. ఉప్పు కాస్త తగ్గిందనీ, ఉల్లిపాయ ఇంకా సన్నగా తరగాలనీ తీర్పు చెప్పింది. కెసడియా అనడానికి నోరు తిరక్క, మడత రొట్టె అని పేరు కూడా పెట్టేసింది.

అప్పుడే వచ్చిన భార్య, సంచీ భుజాన ఉండగానే గుమ్మంలో ఆగిపోయింది. తల్లి బల్ల దగ్గర కూర్చుని ఉంది, మూతికంతా చీజు. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పైకి మాత్రం, "అట్టలాయన కాస్తా అట్లాయన అయ్యారన్నమాట" అంది. అందరికంటే గట్టిగా అత్తగారే నవ్వింది.

అప్పట్నుంచి గురువారం ఆరు కాగానే ఆవిడ వంటగదిలో స్టూలు వేసుకుని కూర్చునేది. తురుముపీట కదలకుండా కుడిచెయ్యి దాని మీద బరువుగా ఆనించి, ఎడంచేత్తో చీజు తురిమేది. కొన్నాళ్లకు మిగతా రోజుల్లో కూడా బల్ల దగ్గరికే వచ్చింది. అన్నం తింటుంటే మెతుకులు పడేవి. దులుపుకుని మాట కొనసాగించేది. ఒకరోజు అల్లుడి చూపు ఆ మెతుకుల మీద పడింది.

"నీ కంచం నువ్వు చూసుకో బాబూ, చల్లారిపోతోంది" అంది ఆవిడ.