పది నిమిషాల కొసరు

పోయిన శనివారం మధ్యాహ్నం వాన వెలిసేలా కనపడలేదు. యూనివర్సిటీ నుంచి మా అమ్మాయి వచ్చి ఉంది. బట్టలు ఉతుక్కోవడానికి వచ్చిందంటే బాగుండదు కాబట్టి మమ్మల్ని చూడ్డానికి వచ్చిందనుకుందాం. ముగ్గురం సోఫాలో ఒకే దుప్పటి కింద కాళ్ళు దాచుకుని టీవీలో ఒక ఫుట్‌బాల్ సినిమా చూశాం. మీరూ చూసే ఉంటారు. అది కాకపోతే దాని అక్కచెల్లెళ్ళలో ఒకదాన్ని. ఊరి చివర బురద గ్రౌండు, చిరిగిన నెట్టు, ఎవరికీ అక్కర్లేని పిల్లలు, జీవితంలో ఏదో పోగొట్టుకున్న కోచ్. మొదట ఓడిపోతారు, తరవాత వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటారు, చివర్లో వాయిద్యాలన్నీ ఒక్కసారి మోగుతుండగా బంతి నింపాదిగా గాల్లో తిరుగుతూ వెళ్ళి గోల్‌లో పడుతుంది. పడగానే మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాతికేళ్ళుగా ఇన్సూరెన్స్ కంపెనీ కంప్యూటర్లకు కాపలా కాస్తున్న ఆ మనిషి కంట్లో తడి కనపడాలంటే ఇలాంటి సినిమాయే రావాలి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గోల్ పడ్డాక కెమెరా ఒక్క క్షణం బెంచీ మీదికి పోయింది. అక్కడున్న నలుగురు పిల్లలూ ఎగిరి గంతేశారు. ఆ చివర కూర్చున్న పిల్ల సినిమా మొత్తం మీద ఒక్కసారి కూడా గ్రౌండులోకి దిగలేదు. నేను కనిపెట్టుకునే చూశాను. ఆ పిల్లకు పేరు లేదు, ఒక్క మాట లేదు, అయినా అందరికంటే ఎత్తుకు ఎగిరింది. "నీకంత సంతోషంగా ఉందని ఎవరు చెప్పారమ్మా?" అని టీవీని అడిగాను.

"సినిమాతో ఏం పోట్లాట?" అన్నారు మా ఆయన. మా అమ్మాయి ఏమీ అనలేదు. అది ఏమీ అనకపోవడమే ఇదంతా రాయడానికి కారణం.

మాది ప్రొద్దుటూరు. మా నాయనది కిరాణా అంగడి. మేనమామలవి అంగళ్ళు, ఎదురింటివాళ్ళది అంగడి. మా వీధిలో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వచ్చేది. నేను బేరమాడకుండా ఒప్పుకున్నది మా ఆయన ఒక్కరినే. ఆ సంగతి ఆయనకు అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటాను. బేసింగ్‌స్టోక్ వచ్చినప్పుడు, ధరలు అచ్చేసి ఉండే ఈ ఇంగ్లండు దేశంలో నా విద్య మట్టిగొట్టుకుపోతుందని భయపడ్డాను. పోలేదు. సూపర్‌మార్కెట్లో ధర తగ్గించి పసుపుపచ్చ స్టిక్కర్లు అంటించే మనిషి ఎన్ని గంటలకు ఏ అలమర దగ్గరికి వస్తాడో నాకు తెలుసు. చెత్తడబ్బా ఖాళీ చెయ్యకుండా పోతే కౌన్సిల్‌కు ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలో తెలుసు. పక్కనున్న రీడింగ్ ఊళ్ళో మనవాళ్ళ అంగట్లో వాడిపోయిన కొత్తిమీర కట్టను అంగడాయన చేతికే ఇచ్చి వాసన చూపించి, ఇంకొకటి ఊరికే తీసుకొచ్చిన చరిత్ర నాది. ఇవన్నీ చేసేటప్పుడు మా అమ్మాయి రెండడుగుల దూరంలో, నేనెవరో తెలియనట్టు నిలబడేది.

మా నాయన అంగట్లో ఇంకొక పద్ధతి ఉండేది. పప్పు తూచి, పొట్లం కట్టేముందు ఒక గుప్పెడు పైన వేసేవాడు. అది కొసరు. అడిగి వేయించుకునేది కాదు. ఎంత మొండి బేరగాళ్ళయినా ఆ గుప్పెడు దగ్గర మెత్తబడి, నవ్వుకుంటూ ఇంటికి పోయేవాళ్ళు. చిన్నప్పుడు ఆ గుప్పెడు వెయ్యడం నా పని. నా పిడికిలి చిన్నది కాబట్టి నాకు ఆ పని ఇచ్చాడని పెద్దయ్యాక అర్థమైంది.

ఎనిమిదేళ్ళ కిందట, దానికి పదకొండేళ్ళప్పుడు, స్కూల్లో స్నేహితురాళ్ళు చేరారని మా అమ్మాయి పక్క పేటలోని ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో చేరతానంది. మొదటి రోజే ఆలస్యంగా తీసుకెళ్ళాను. ఆదివారం సంతలో, జనం ఇంట్లో పాత సామాన్లు కార్లలో తెచ్చి పరిచే చోట, ఒక ముసలాయనతో బూట్ల దగ్గర బేరం తెగలేదు. మేము చేరేసరికి అందరికీ స్థానాలు పంచేశారు. మిగిలింది గోల్ ఒక్కటే. అక్కడ నిలబడటానికి ఎవరూ ఒప్పుకోలేదట. అలా నా బేరం వల్ల మా అమ్మాయి గోల్‌కీపర్ అయింది. చేతికి గ్లౌజులు కావాలన్నారు. రెండు సైజులు పెద్దవి కొన్నాను. పెరిగే పిల్ల కదా. చలికోటు, స్కూల్ బ్లేజరు, ఏదైనా సరే, మా ఇంట్లో పిల్లకు సరిపోయేది కొన్న పాపాన పోలేదు. ఆ గ్లౌజుల్లో దాని వేళ్ళ కొసలు ఎక్కడున్నాయో దానికే తెలిసేది కాదు.

ఆ ఏడాది ఆ జట్టు ఓడినట్టు ఇంకెవరూ ఓడి ఉండరు. మొదటి మ్యాచ్‌లో పదకొండు గోల్స్ తిన్నారు. పదకొండూ మా అమ్మాయి పక్కనుంచో, కాళ్ళ మధ్యనుంచో, నెత్తి మీదనుంచో పోయాయి. ఇంటికొచ్చి బురద గ్లౌజులు బాత్‌టబ్‌లో కడుక్కుని, రేడియేటర్ మీద ఆరేసుకుని, మళ్ళీ ఆదివారం తయారయ్యేది. వానలో వెళ్ళింది, వడగళ్ళలో వెళ్ళింది. గోల్స్ చేసే పిల్లలు జలుబని మానేసిన రోజుల్లో కూడా వెళ్ళింది. గోల్‌కీపర్ లేకపోతే మ్యాచే ఉండదని దానికి ఎవరో చెప్పారు. నమ్మింది. లీగు పట్టికలో అట్టడుగున ఉన్న ఆ జట్టు కప్పు పోటీలో మాత్రం ఎలాగో ముందుకు పాకింది. ఒక జట్టులో సగంమందికి ఫ్లూ వచ్చి వాళ్ళు రానే లేదు. ఇంకొక చోట బురదలో బంతి ఆగిపోయి, మా వాళ్ళ కాలికి తగిలి లోపలికి పోయింది. సెమీఫైనల్ పెనాల్టీల దాకా వెళ్ళింది. చివరి పెనాల్టీ మా అమ్మాయి ఆపింది. ఆపిందంటే, ఆ వదులు గ్లౌజు కొసకు బంతి తగిలి పక్కకు పోయింది. లోపల వేలు లేదు, ఉత్త రబ్బరు. రెండు సైజులు పెద్దవి కొన్నందుకు ఆ సాయంత్రం నన్ను నేను చాలా మెచ్చుకున్నాను.

ఫైనల్‌కు పది రోజుల ముందు ప్రాక్టీసుకు ఒక కొత్త పిల్ల వచ్చింది. మా అమ్మాయి కంటే జానెడు పొడుగు. వేరే ఊళ్ళో పెద్ద జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిందట, ఈ మధ్యే ఇల్లు మారారట. బుధవారం నాడు కోచ్ నాకు ఫోన్ చేశాడు. వారమంతా ఆఫీసు పని చేసుకుని ఆదివారాలు ఉచితంగా పిల్లలకు ఆట నేర్పించే మనిషి. మంచివాడు. మర్యాదస్థుడు. నా కోపానికి అదొక పెద్ద అడ్డం. చెడ్డవాణ్ణయితే అప్పుడే కడిగేసేదాన్ని. నేను ఆ టైముకు సరిగ్గా పసుపు స్టిక్కర్ల అలమర ముందు ఉన్నాను. అంటే బేరానికి మంచి ఊపు మీద ఉన్నాను.

"మీ అమ్మాయి ఈ సీజనంతా అద్భుతంగా ఆడింది," అని మొదలుపెట్టాడు. మెచ్చుకోలుతో మొదలుపెట్టినవాడు ధర తగ్గించబోతున్నాడని మా వీధిలో ఐదేళ్ళ పిల్లకు తెలుసు. ఫైనల్లో కొత్త పిల్లను పెడదామనుకుంటున్నాడట. జట్టు కోసమట. నాకు అభ్యంతరం లేదు కదా అని అడిగాడు.

"మా అమ్మాయిని అసలు దింపరా?" అన్నాను.

"దింపుతాను. పరిస్థితిని బట్టి."

"రెండో సగం మొత్తం ఇవ్వండి."

"అంతసేపు కష్టం. ఐదు నిమిషాలు."

"పదిహేను."

"పది. మాట ఇస్తున్నాను."

సరే అన్నాను. అది చాలదన్నట్టు థాంక్యూ అని కూడా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఐదును పది చేశానన్న గర్వం నాకు. ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ పొడుగు పిల్లను పెడితే గెలుస్తారని నాకూ అనిపించింది. గెలిచిన జట్టు ఫోటోలో నా కూతురు ఉండాలని నాకూ ఆశ పుట్టింది. ఇంటికి వెళ్ళి మా అమ్మాయికి ఏమీ చెప్పలేదు.

ఫైనల్ రోజు బెంచీ మీద కూర్చుని కూడా అది గ్లౌజులు తియ్యలేదు. ఆ వయసు పిల్లల ఆటలో ఎవరిని ఎన్నిసార్లయినా మార్చవచ్చు. చెయ్యెత్తి రెఫరీకి చెబితే చాలు. మొదటి సగంలోనే మావాళ్ళు ఒక గోల్ వేశారు. ఇక పది నిమిషాలు ఉందనగా మా అమ్మాయి లేచి, గ్రౌండు అంచున ఒక కాలి మీదనుంచి ఇంకొక కాలి మీదికి గెంతడం మొదలుపెట్టింది. తల్లిదండ్రులను అవతలి వైపు ఒక తాడు వెనక నిలబెడతారు. తాడు దాటకూడదు, కోచ్‌తో మాట్లాడకూడదు. నేను తాడు దాకా వెళ్ళి, అతనికి కనపడేలా నా చేతి గడియారం మీద వేలు పెట్టి చూపించాను. అతను చూశాడు. ఒక్క నిమిషం అన్నట్టు వేలెత్తాడు. ఆ వేలు దించాక మళ్ళీ నావైపు తిరగలేదు. మా అమ్మాయి గెంతుతూనే ఉంది. తాడు నా నడుముకు తగులుతోంది. ఇంతమంది తెల్లవాళ్ళలో గొడవ చేసే ఆవిడ అనిపించుకోవడం ఎందుకని అక్కడే ఆగిపోయాను. కొత్తిమీర కోసం అనిపించుకున్నాను, చెత్తడబ్బా కోసం అనిపించుకున్నాను. విజిల్ మోగింది.

అందరూ అరుచుకుంటూ పరిగెత్తారు. మా అమ్మాయి కూడా పరిగెత్తింది. పక్కనున్న ఒక తండ్రి నా భుజం తట్టి, "అచ్చం సినిమాలా ఉంది కదూ," అన్నాడు. నేను చప్పట్లు కొడుతున్నాను. చప్పట్లు కొట్టిన ఆ రెండు చేతుల మీద ఈనాటికీ నాకు మంట.

కారులో బెల్టు పెట్టుకుంటూ అడిగింది, "నీకు ముందే తెలుసా అమ్మా?" అని.

"ఏంటి తెలిసేది?" అన్నాను.

అది కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ తరవాత సీజన్‌కు పేరు ఇవ్వలేదు. ఎందుకని అడిగితే బోర్ అంది. సరేలే, ఆదివారం పొద్దున కాస్త నిద్రపోవచ్చని నేనూ అనుకున్నాను.

ఆ రోజు సాయంత్రం మా నాయనకు ఫోన్ చేసి మన పాప జట్టు కప్పు గెలిచిందని చెప్పాను. అప్పుడాయన ఉన్నాడు.

"మన పాప ఎన్ని బంతులు ఆపింది మ్మా?"

"పాపను దింపలేదు నాయనా."

"దింపలేదా? నువ్వు ముందే మాట్లాడుకోలేదా?"

"మాట్లాడినా. పది నిమిషాలకు ఒప్పుకున్నాడు. అది కూడా ఇయ్యలేదు."

ఫోన్లో ఫ్యాను చప్పుడు వినపడుతోంది. "అసలు వానికి ఇడ్సిపెట్టి కొసరుకాడ బేరం చేసినావు," అన్నాడు. "నలభై ఏండ్లు అంగట్లో కూచున్నా. అసలు తూయించుకోకుండా కొసరు కట్టించుకోని ఇంటికి పోయినోన్ని ఒగన్ని గూడా చూళ్ళేదు మ్మా." తిట్టాలని అన్నమాట కాదు. వింత సంగతి విన్నవాడిలా అన్నాడు. తిట్టినా బాగుండేది.

మొన్న శనివారం నాడు సినిమా అయిపోయింది. మా ఆయన టీ పెట్టడానికి లేచారు. ఎనిమిదేళ్ళ తరవాత నేను టీవీ వైపే చూస్తూ చెప్పాను. "ఆ రోజు నాకు ముందే తెలుసు. కోచ్ నాకు ఫోన్ చేశాడు. నేనే సరేనన్నాను."

"ఐ నో," అంది. దాని ఇంగ్లీషు ఇక్కడి వాళ్ళ ఇంగ్లీషే. కోపమున్నా లేకపోయినా ఒకేలా వినపడుతుంది. "మ్యాచ్‌కు ముందే అతను చెప్పాడు. మీ అమ్మ, నేను మాట్లాడుకున్నాం, నీకు పది నిమిషాలు అని." అని నా వైపు తిరిగింది. "టెన్ మినిట్స్, అమ్మా? నువ్వా?"

నేను దుప్పటి అంచు సర్దుకున్నాను.

"నువ్వు తాడు కింద నుంచి దూరి వస్తావనుకున్నాను," అంది. ఇది మాత్రం తెలుగులోనే అంది. "అందరి ముందూ గొడవ చేస్తావనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోతానేమోనని భయపడ్డాను కూడా. చివరిదాకా నీ వైపే చూశాను."

అది చూసింది ఆట వైపనుకున్నాను నేను, ఇన్నేళ్ళూ.

గ్యారేజీలోకి వెళ్ళి అట్టపెట్టె వెతికి గ్లౌజులు తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. రబ్బరు గట్టిపడి, బురద చారికలు అలాగే ఉన్నాయి. అది ఒకటి తొడుక్కుని వేళ్ళు ఒకసారి ముడిచి, తెరిచింది. సరిగ్గా సరిపోయింది. "గుడ్ బై, అమ్మా," అంది నవ్వి. మంచి కొనుగోలే అని దాని అర్థం. వెటకారమే. గ్లౌజు తీసి నా ఒళ్ళో పెట్టి, వాళ్ళ నాన్నకు కప్పులు అందించడానికి వంటింట్లోకి వెళ్ళింది. దానికి కోపం లేదట. దానికి లేని కోపం కూడా కలుపుకుని నేనే పడుతున్నాను, కోచ్ మీద, ఆ తాడు మీద, తాడు ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డ బేరగత్తె మీద. ఎనిమిదేళ్ళయింది కదా, ఇక కొంచెం తగ్గించు అని కాలం రోజూ నా గడప దగ్గర నిలబడి అడుగుతూనే ఉంది. ఈ ఒక్క సరుకుకు బేరం లేదని పంపించేస్తున్నాను.