లీడరు కోసం ఊడ్చిన గల్లీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినైనా తిట్టవచ్చు గానీ, మా బస్తీ లీడరును ఒక్క మాట అనడానికి వీల్లేదు. అంటే మా తాతయ్య కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. ఉప్పుగూడలో రైలు పట్టాలకు ఇవతల, వెనక బర్రెల కొట్టం ఉన్న ఇల్లు మాది. పాలు పోసి బతికేవాళ్లం. గల్లీలోని మురికినీటి మోరీ బాగు చేయిస్తానని ఆ లీడరు గెలిచిన ప్రతిసారీ చెప్పేవాడు. వానాకాలం వచ్చిన ప్రతిసారీ ఆ మోరీ మా గడపలు దాటి లోపలికి వచ్చేది. అయినా ఎన్నికలంటే అందరికన్నా ముందు జెండా పట్టేది మా తాతయ్యే.

ఇందులో ఏదో మతలబు ఉందని నాకు అనుమానం. ఆ అనుమానం నాలో నాటింది పక్కింటి అక్క. మిషను మీద జాకెట్లు కుట్టేది. ఒకరోజు పంటితో దారం తెంపుతూ, "ఊకెనే ఎవ్వరన్న గంతగనం మోస్తరా? మీ తాతకు ఏదో ముడుతున్నదే" అంది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. పాలల్లో చుక్క నీళ్లు కలపని మనిషి మా తాతయ్య. ఆయన మీదా ఇలాంటి మాట?

అప్పటినుంచి ఆయన్ని కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. బర్రె ఈనితే జున్నుపాలు ముందు లీడరు ఇంటికే వెళ్లేవి. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. తాతయ్య గిన్నె లోపలికి పంపి, అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. చివరికి కడిగిన గిన్నె బయటికి వచ్చింది. లీడరు రాలేదు. తిరిగి వస్తుంటే, నేనేమీ అడగకుండానే, "అన్నకు పనులెక్కువ" అన్నాడు తాతయ్య. నా అనుమానం తగ్గకపోగా ఇంకా ముదిరింది. ఏమైనా ఇస్తే అర్థం చేసుకోవచ్చు. ఏమీ ఇవ్వనివాణ్ని ఎందుకు మోస్తున్నట్టు?

ఆ ఏడు వానలకు మోరీ మరీ దారుణంగా పొంగింది. ఆ నీళ్లు తాగే నల్లా నీళ్లలో కలిసి, పక్కింటి అక్క వాళ్లమ్మ కామెర్లతో మంచం పట్టింది. లీడరు గల్లీ చూడటానికి వస్తున్నాడని కబురు వచ్చింది. ఇప్పుడైనా అందరూ కలిసి అడుగుతారనుకున్నాను. కానీ తెల్లారేసరికి తాతయ్య పార పట్టుకుని గల్లీలో ఉన్నాడు. ఆయన్ని చూసి మిగతా మగవాళ్లూ దిగారు. బురదంతా గోకి పక్క సందులోకి తోశారు. నీళ్లు కొట్టారు, సున్నం చల్లారు. లీడరు చూడాల్సిందాన్నే వీళ్లు కడిగేస్తున్నారు! ఆయన తమను ఏమైనా అంటాడని కాదు, ఆయన్ని ఎవరూ మాట అనకూడదని.

వాళ్లు బురద తోసిన సందులోనే పక్కింటి అక్క వాళ్ల వాకిలి ఉంది.

లీడరు తెల్లటి బట్టల్లో దిగి చుట్టూ చూశాడు. "ఏంది బాపూ, గల్లీ అద్దంలెక్క ఉన్నది గదా! ఊకె లొల్లి జేస్తున్నరు" అని తాతయ్య భుజం మీద చెయ్యి వేశాడు. తాతయ్య మొహం వెలిగిపోయింది. అప్పుడు అక్క జనంలోంచి ముందుకు వచ్చి, ఎంతో మర్యాదగా, "అన్నా, మా అమ్మ పానం బాగలేదు. నిన్ను ఒక్కసారి సూస్తనంటున్నది. గీ పక్కకే, రా అన్నా" అంది. అంతమంది ముందు ఆయన కాదనలేకపోయాడు. సందు మలుపు తిరగగానే ఆయన కాలు చీలమండ దాకా బురదలో దిగబడింది. చెప్పు లోపలే ఉండిపోయింది.

ఇప్పుడు తిడతారు ఆయన్ని, అనుకున్నాను. తిట్టారు, కానీ అక్కను. "పెద్దమనిషిని గిట్ల బద్నాం జేస్తవా? సిగ్గు లేదా?" అని ఆమె మీద పడ్డారు. మా తాతయ్య బిందెతో నీళ్లు తెచ్చి, వంగి, తన చేతులతో ఆ కాలు కడిగాడు. లీడరు, "చేపిస్తా, అంత చేపిస్తా" అంటూ వెళ్లిపోయాడు. మంచం మీదున్న ఆమెను చూడనే లేదు. అక్క ఏడవలేదు. వాకిట్లో నిలబడి మా తాతయ్యనే చూస్తూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం తాతయ్య కొట్టంలో గడ్డి నరుకుతుంటే దగ్గరికి వెళ్లి అడిగేశాను. "తాతా, ఆయన నీకేమిస్తడు?"

కొడతాడనుకున్నాను. ఆయన కత్తి పక్కన పెట్టాడు. "ఏమియ్యడు బిడ్డా" అన్నాడు. తర్వాత, బర్రె వీపు నిమురుతూ, నేను పుట్టకముందు సంగతి ఒకటి చెప్పాడు. అప్పుడు మత గొడవలై, కర్ఫ్యూ పడి కొట్టంలో పిడికెడు గడ్డి లేదట. బర్రెలు అరిచి అరిచి మూగబోయాయట. అప్పుడు లీడరు గడ్డిబండి తెచ్చి బస్తీని ఆదుకున్నాడనేది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే. ఆ కథ వినే నేను పెరిగాను.

"తెచ్చింది ఆయన కాదు" అన్నాడు తాతయ్య. "దబీర్‌పురా గడ్డి దుకాణం చాచా తెచ్చిండు, పానం అరచేతుల పెట్టుకొని. ఈయన గల్లీ మొగదల కలిసి, బండి మీద చెయ్యేసి నడిచిండు, గంతే. నేను సూసిన."

"మరి ఆయనే తెచ్చిండని ఎందుకు చెప్పినవ్?"

"మనకు గూడ ఒక మనిషి ఉన్నడని అనిపియ్యాలె గదా బిడ్డా. మస్తు భయంల ఉన్నరు అందరు. ఇల్లిల్లు తిరిగి చెప్పిన. నా మాట మీదనే ఓట్లేసిన్రు. ఇప్పుడు గాయన మంచోడు గాదంటే, గీ బురద ఎవరు తెచ్చినట్టు? నేను తెచ్చినట్టే గదా."

తాతయ్య కత్తి అందుకున్నాడు. మళ్లీ గడ్డి నరకసాగాడు. మర్నాడు పొద్దున్నే పార తీసుకుని పక్క సందులోకి వెళ్లి, అక్క వాళ్ల వాకిట్లో బురదంతా ఒక్కడే ఎత్తిపోశాడు. అక్క తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆయన మారిపోయాడని చెప్పాలని నాకూ ఉంటుంది. కానీ తర్వాతి ఎన్నికల్లోనూ తాతయ్య జెండా పట్టాడు. నినాదాలు మాత్రం ఈసారి పక్కవాళ్లే ఇచ్చారు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. గల్లీకి సిమెంటు రోడ్డు పడింది, లీడర్లు మారారు, వానకు నీళ్లు ఇప్పటికీ వస్తాయి. తమ నాయకుణ్ని ఎవరో ఏదో అన్నారని పిల్లలు ఫోన్లలో గొంతు చించుకుంటుంటే, ఆయన వీళ్లకేమిస్తున్నాడోనన్న పాత అనుమానం నాకు రాదు. ఇంకో అనుమానం వస్తుంది. "ఆయన మంచోడని నువ్వు ముందుగాల ఎవరికి చెప్పినవ్ బిడ్డా?" అని అడుగుతాను. ఎవరినైనా నేనే అతిగా వెనకేసుకొస్తున్నానని తోచినప్పుడు, అదే ప్రశ్న నన్నూ వేసుకుంటాను. దానికి జవాబు చెప్పడం తేలిక కాదు. చాలామంది కోపగించుకుని లేచిపోతారు. మా తాతయ్య కూడా జీవితమంతా అలా లేచిపోయినవాడే. ఆ ఒక్క సాయంత్రం మాత్రం, చిన్నపిల్ల అడిగిందని, లేవకుండా జవాబు చెప్పాడు.