బోర్డు మీంచి చెరిపించిన వరుస

మద్రాసులో మానసిక వైద్యం నేర్చుకుని ప్రొద్దుటూరులో గది తెరిచినప్పుడు, బోర్డు మీద మొదటి వరుసలో "మనోవ్యాధులకు మాటలతో చికిత్స" అని రాయించాను. రెండు నెలలు నరమానవుడు కూడా రాలేదు. నా గది గడప తొక్కితే ఇంటిల్లిపాదికీ పిచ్చి ముద్ర పడుతుంది. ఆ ఇంటికి పిల్లనిచ్చేవాడుండడు.

"మాటలకు గూడా డాక్టరు కావల్లనా అప్పా? సూది అని రాయి, తోసుకోని వస్తారు" అన్నాడు బోర్డు రాసినాయన.

నాకు ఒళ్లు మండింది. అయినా ఆ వరుస చెరిపించి "నరాల బలహీనతకు సూదిమందు" అని రాయించాను. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి బస్సులెక్కి వచ్చారు. అందరికీ నేను పొడిచింది బి విటమిన్. నా చదువు సూదులతో పాటే గిన్నెలో ఉడికిపోయింది.

ఒకరోజు తొండూరు రైతొకడు భార్యను తీసుకొచ్చాడు. బిడ్డ చనిపోయినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదట. "బలమైన సూది వెయ్యి సార్" అని చెప్పి, బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు.

ఆమె చెయ్యి చాపలేదు. "సూది వద్దు సామీ. మా ఇంట్లో బిడ్డ పేరు గూడా ఎత్తనీరు. రొంతసేపు నా మాట ఇంటావా?" అంది.

వసారా నిండా జనం కాచుకుని ఉన్నారు.

"రైక చెయ్యి పైకి జరుపమ్మా" అన్నాను.