పాలు ముట్టని ఉపవాసం

పులిసిన పిండి వాసనతో ఆ అమ్మాయి నాకు పరిచయమైంది. ఢిల్లీ మునిర్కాలో నేను రెండో అంతస్తు గదిలో అద్దెకుండేదాన్ని. నా పైన మేడ మీద రేకుల కప్పుతో ఒక్క గది ఉండేది. జనవరి చలిలో ఒక ఉదయం అక్కడి నుంచి దోసెల పిండి వాసన మెట్లు దిగి వచ్చింది. ఎవరో తెలుగువాళ్ళో తమిళులో చేరారనుకున్నాను. పైకి వెళ్ళి పలకరించే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. డైరీలో మాత్రం రాసుకున్నాను, పైన ఎవరో మనలాంటి వాళ్ళు వచ్చారని.

వచ్చింది ఇథియోపియా అమ్మాయి. ఆ సంగతి క్లాసులో తెలిసింది.

మా విశ్వవిద్యాలయంలో ఆ ఏడాది విదేశీ విద్యార్థుల కోసం ఒక కొత్త కోర్సు పెట్టారు. దాని ఇంగ్లీషు పేరు బోర్డు మీద ఒక వరుసలో పట్టేది కాదు. తెలుగులో చెప్పాలంటే, అందరినీ కలుపుకునే, కలకాలం నిలిచే వ్యాపారం ఎలా చేయాలో నేర్పే చదువు. ప్రతి విదేశీ విద్యార్థికీ ఇక్కడి విద్యార్థి ఒకరు జోడీ. ఇద్దరూ కలిసి ఒక చిన్న వ్యాపారం మొదలుపెట్టాలి. సెమిస్టర్ చివర బయటి నుంచి పరీక్షకులు వచ్చి చూసేదాకా అది ఆగకుండా నడవాలి. ఆగితే విదేశీ విద్యార్థికి ఆ పేపరు పోయినట్టే. చెయ్యెత్తి జోడీని ఎంచుకోమంటే అందరూ ఎంచుకున్నారు. చివరికి చెయ్యెత్తని నేనూ, ఎవరూ ఎంచుకోని ఆమె మిగిలాం.

"నువ్వు కింద గది అమ్మాయివి కదా," అంది ఆమె. "మెట్ల మీద నన్ను చూసినప్పుడల్లా తాళంచెవి వెతుక్కుంటావు."

ఆమె చదువు వాళ్ళ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్‌తో నడుస్తోంది. ఒక్క పేపరు పోయినా అది ఆగిపోతుంది, ఇంటికి తిరిగి వెళ్ళాలి. మొదటి రోజే ఆ మాట చెప్పేసింది, ముందే తెలిసి ఉండడం మంచిదన్నట్టు.

వ్యాపారం ఏమిటో వెతుక్కునే పని లేకపోయింది. వాళ్ళ దేశంలో రోజూ తినేది ఇంజెరా. పిండిని మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద ఒక వైపే కాల్చే అట్టు. పైన తేనెపట్టులా కన్నాలు పడతాయి. దాని మీదే పప్పూ కూరా వడ్డించుకుని, దాన్నే తుంచి తింటారు. మునిర్కాలో, దగ్గర్లోని జియా సరాయ్‌లో వాళ్ళ దేశపు పిల్లలు చాలామంది ఉండేవారు, అందరూ బ్రెడ్డుతో కాలం గడుపుతూ. వాళ్ళకు స్టీలు డబ్బాల్లో భోజనం పంపాలి, ఖాళీ డబ్బాలు వెనక్కి తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ లేదు, చెత్త లేదు. మా ప్రొఫెసర్ మేడమ్ ఈ ఆలోచన విని ఎంతో మురిసిపోయారు.

ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న పిండి కొంచెమే, వాళ్ళ ధాన్యం ఢిల్లీలో దొరకదు. ఆమె వర్ణించిన రంగూ రుచీ విని నాకు రాగులు తోచాయి. ఆర్.కె.పురం గవర్నమెంటు క్వార్టర్లలో మా పిన్ని ఉండేది. అనంతపురం నుంచి ఎవరు వచ్చినా ఆమెకు రాగిపిండి మోసుకురావాల్సిందే.

"ఏమే, ఆ పిల్లకి రాగులెందుకు? సంగటి కెలుక్కుంటాదా?" అంది పిన్ని.

"అట్లు పోస్తుంది పిన్నీ."

"రాగట్లా? మన తిండి తినేవాళ్ళు ఆడ గూడా ఉండారా." అంటూ ఇంకో సంచీ నింపి ఇచ్చింది.

రాగులకు కాస్త బియ్యం కలిపితే అట్టు విరగకుండా వచ్చింది. మొదటిసారి కన్నాలు సరిగ్గా పడిన రోజున ఆమె పెనం ముందు కూర్చుని ఆ కన్నాలను వేలితో తడిమింది. తరవాత ఒక ముక్క తుంచి, పప్పులో ముంచి, నా నోట్లో పెట్టింది. అది వాళ్ళ మర్యాదట. అమ్మ తరవాత నాకెవరూ అలా తినిపించలేదు.

ఇంటివాళ్ళ సంగతి చెప్పాలి. ఢిల్లీ ఇక్కడిదాకా పాకి రాకముందు నుంచీ మునిర్కాలో ఉన్న కుటుంబం వాళ్ళది. పొలాలు పోయాయి, గదులు లేచాయి, వెనక పెరట్లో ఒక గేదె మిగిలింది. ఇల్లు గలావిడను అందరం ఆంటీ అనేవాళ్ళం. గల్లీలో ఎవరూ ఆఫ్రికా వాళ్ళకు గది ఇవ్వని రోజుల్లో ఆమె ఇచ్చింది. పక్కింటి ఆడవాళ్ళు "ఆ హబ్షీ పిల్లను మేడెక్కించావే" అని దెప్పితే, "నా మేడ, నా ఇష్టం" అనేది.

హబ్షీ అంటే ఏమిటని నన్ను అడిగింది ఆ అమ్మాయి. నల్లవాళ్ళను ఈసడించే మాటని చెప్పలేక నసిగాను. ఆమె నవ్వింది. "మా దేశంలో మమ్మల్ని మేము హబెషా అనే అనుకుంటాం. ఈ ఊళ్ళో నేను ఎక్కడి దాన్నో సరిగ్గా చెప్పింది వాళ్ళే."

ఫిబ్రవరిలో ఆమెకు ఉపవాసాలు మొదలయ్యాయి. ఈస్టర్‌కు ముందు దాదాపు రెండు నెలలు వాళ్ళు మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ఏవీ ముట్టరు. మా డబ్బాల్లో శనగపిండి పులుసూ ఎర్ర కందిపప్పూ మాత్రమే వెళ్ళేవి. గిరాకీ ఇంకా పెరిగింది. ఈస్టర్ నాటికి అందరూ పండగ భోజనం కావాలని అప్పుడే చెప్పి పెట్టారు. పరీక్షకులు వచ్చేది ఆ తరవాతే. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాం.

మార్చిలో గేదె ఈనింది. ఆంటీ ఆ సంతోషంలో మొదటి పాలతో జున్ను వండి, ఒక్కో గదికీ ఒక్కో గిన్నె తానే పంచింది. వాళ్ళు ఖీస్ అంటారు. మోకాళ్ళ నొప్పులతో మేడ దాకా ఎక్కి వచ్చింది. నేను అక్కడే డబ్బాలు తుడుస్తున్నాను. ఆ అమ్మాయి లేచి, తల వంచి, రెండు చేతులతో గిన్నె అందుకుంది. ఆంటీ గుమ్మంలోనే నిలబడింది, తింటే చూసి వెళ్దామని.

"తిను బేటీ. మొదటి పాలు. ఇంటి బిడ్డలకే ఇస్తాం."

ఆ అమ్మాయి నావైపు చూసింది. "పండగ అయ్యేదాకా తినకూడదని చెప్పు."

"ఆంటీ, ఈమె ఉపవాసంలో ఉంది," అన్నాను నా అరకొర హిందీలో.

ఆంటీ మొహం వెలిగిపోయింది. "వ్రతమా? ఈ పిల్ల వ్రతాలు కూడా చేస్తుందా? అయితే ఇంకా మంచిది. వ్రతంలో పాలే కదా పుచ్చుకోవాలి."

అక్కడితో ఊరుకుంటే ఆమె మళ్ళీ తినమంటుంది. నిజం చెబితే అర్థం చేసుకుంటుందనుకున్నాను. "వీళ్ళ ఉపవాసం వేరు ఆంటీ. మాంసం తినరు, గుడ్లు తినరు, పాలు తాగరు. పండగ అయ్యాక తింటుంది."

ఆంటీ గిన్నె వైపు చూసింది. లోపల ఆ మూడు మాటలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నట్టుంది.

"మాంసం, పాలు ఒకటేనా?" అంది చివరికి. "నా గేదె మొదటి పాలను మాంసం పక్కన కూర్చోబెట్టిందా ఈ పిల్ల?"

"అలా కాదు ఆంటీ. ఇష్టమైనవన్నీ వదులుకుంటారు, అందుకని."

"ఠీక్ హై." రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగిపోయింది. గిన్నె వెనక్కి తీసుకోలేదు. ఇచ్చింది వెనక్కి పట్టుకెళ్ళకూడదట. ఆ జున్ను నేనే తిన్నాను. మిరియాల ఘాటు లేకపోయినా అచ్చం మా ఇంటి జున్నే.

వారం తిరగకుండా గేదెకు పొదుగువాపు వచ్చింది. పాలకు కూర్చుంటే తన్నేది. పశువుల డాక్టరు వచ్చి సూది వేశాడు. ఆంటీ ఎండుమిరపకాయలు దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు మూడంతస్తుల వాళ్ళమూ దగ్గాం. పక్కింటి ఆడవాళ్ళు గోడ మీదుగా ఏమన్నారో నాకు వినబడలేదు, ఆంటీకి వినబడింది.

ఆ సాయంత్రం నన్ను కిందికి పిలిచింది. "మొదటి పాలు కాదన్న ఆ మేడ మీది పిల్లను ఖాళీ చేయమను. నువ్వే చెప్పు, నీ మాట ఆమెకు అర్థమవుతుంది."

నేను అంతగా ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు. పొదుగువాపు ఏ గేదెకైనా వస్తుందన్నాను. మా తాత ఇంట్లో కూడా వచ్చిందన్నాను. ఈ గదే ఆమె పరీక్ష అనీ, ఇక్కడ పొయ్యి ఆరితే దేశం వెళ్ళిపోవాల్సి వస్తుందనీ చెప్పాను. నెలన్నర ఆగమన్నాను. నా హిందీ తడబడిన చోటల్లా ఆంటీ ఓపిగ్గా ఆగి విన్నది.

"నువ్వు చెప్పింది నిజమే కావచ్చు బేటీ," అంది. "గల్లీ అంతా వద్దంటే నేనిచ్చాను. ఇప్పుడు గేదె పోతే గల్లీ అంతా నా మొహం మీద నవ్వుతుంది. నువ్వుండు. నీ మీద నాకేం లేదు."

గదుల కోసం తిరిగాం. ఫోనులో నేను మాట్లాడితే గది ఉండేది, ఇద్దరం వెళ్ళేసరికి ఎవరికో ఇచ్చేసి ఉండేవారు. జియా సరాయ్‌లో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "నువ్వొక్కదానివే అయితే ఈ రోజే వచ్చేయ్" అన్నాడు. ఆమె వీధిలో నిలబడి మమ్మల్నే చూస్తోంది. చివరికి ఆమె తమ దేశపు అమ్మాయిల ఇరుకు గదిలో చేరింది. అక్కడ వంటకు ఒప్పుకోరు. హాస్టల్ మెస్ వాళ్ళను అడిగాం, బయటివాళ్ళకు వంట చేయడం రూలు కాదన్నారు.

ప్రొఫెసర్ మేడమ్ అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ బాధ నటన కాదు. "ఇదంతా రిపోర్టులో రాయండి. అడ్డంకుల మీద ఇంత మంచి చాప్టర్ ఇంకెవరికీ రాదు," అన్నారు.

"మార్కులు, మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నడవని వ్యాపారాన్ని పరీక్షకులకు ఎలా చూపించను? రూలు అందరికీ ఒకటే. అదే కదా ఇన్‌క్లూజన్."

ఈస్టర్ మరునాడు ఆమెను మునిర్కా మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర కలిశాను. పండగ భోజనం చెప్పి పెట్టిన వాళ్ళంతా మళ్ళీ బ్రెడ్డే తిన్నారట. తనూ అంతే. చిక్కటి పాల టీ చెప్పి, ఆగి ఆగి తాగింది.

"మీ ఆంటీకి చెప్పు," అంది గ్లాసు చూపించి. "ఈ రోజు తాగానని."

రిపోర్టు నేను రాశాను. ఇక్కడి జోడీలకు రిపోర్టు మీదే మార్కులు కాబట్టి నేను పాసయ్యాను. ఆమె పేపరు పోయింది. వెళ్ళే ముందు పులుపు నీళ్ళు చిన్న స్టీలు డబ్బాలో పోసి నాకిచ్చింది. కొత్త పిండిలో వేస్తే పులియడానికి అవే ఆధారం. వాళ్ళమ్మ దగ్గరి నుంచి తెచ్చిన ఎండు పిండితో మొదలైన పులుపది. విమానంలో వెనక్కి తీసుకుపోవడం ఎందుకు, అక్కడ ప్రతి ఇంట్లో ఉంటుంది, అంది.

మే నెలలో ఒక ఆదివారం ఆ పులుపు వేసి దోసెలు పోసుకున్నాను. వాసనకు ఆంటీ పైకి వచ్చింది.

"డోసానా? మాకు పెట్టవా?"

పెట్టాను. మంచం అంచున కూర్చుని రెండు తిన్నది. పులుపు బాగా కుదిరిందన్నది. గేదె ఇప్పుడు బాగానే ఇస్తోందని కూడా చెప్పింది.

"ఇది ఆ అమ్మాయి ఇచ్చిన పులుపే ఆంటీ," అన్నాను.

ఆమె చెయ్యి కంచంలో ఆగింది. మేడ వైపు చూసింది. పైన కోచింగ్‌కు వచ్చిన కొత్త అమ్మాయి నడుస్తున్న చప్పుడు.

"వెళ్ళిపోయిందా?"

"వెళ్ళిపోయింది."

"ఆ పండగ అయ్యాక తినేదేనా ఖీస్?"

"తినేది ఆంటీ. అప్పుడే చెప్పానుగా."

"చెప్పావులే." మిగిలిన ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. "కానీ జున్ను పాలు అన్నాళ్ళు ఆగవు కదా బేటీ."