చెవికి ఆనించిన నిమ్మకాయ

దగ్గరగా జరిగి కూర్చోండి, చెప్తాను. శాలిబండలో మా గల్లీ చివర ఒక మంత్రగాడు ఉండేవాడు. చావును కట్టేసే విద్య తన గురువుల నుంచి వచ్చిందనేవాడు. నిమ్మకాయ కోసే ముందు దాన్ని చెవికి ఆనించుకుని, అది మాట్లాడుతున్నట్టు తల ఊపేవాడు.

మా చెల్లెలికి జ్వరం ముదిరినప్పుడూ అట్లాగే విన్నాడు. "దవాఖానకు తీస్కపోతే కట్టు తెగుతది. ఫికర్ చెయ్యకు అక్కా," అన్నాడు. నమ్మాము. మూడో రోజు చెల్లెలు చనిపోయింది.

ఏడాది తిరగకముందే వాడు జ్వరంతో కాలిపోతున్న కొడుకును ఎత్తుకుని ఆటో ఎక్కుతుంటే అడ్డం నిలబడ్డాను.

"ఏంది భాయ్, నిమ్మకాయ ఏమన్నది?"

"జరుగక్కా, దవాఖానకు పోవాలె!"

పిల్లవాడేం పాపం చేశాడు? జరిగాను. నా కోపం మాత్రం ఇవాళ్టికీ ఆరలేదు.

మీ ఇంట నిమ్మకాయలు పులిహోరకే తెగాలి. మీ ఆడబిడ్డలు నూరేళ్లు బతకాలి.