పుస్తకంలో లేని ఎత్తు

గడియారాలు బాగుచేసే ఆయనకు చదరంగం పుస్తకాల పిచ్చి. దుకాణం మూసి ఇంటికి రాగానే పావులు పరిచి, మహామహులు ఆడిన ఆటలను పుస్తకం చూసి ఒక్కో ఎత్తూ జరిపేవాడు. ఎదురుగా కూర్చుని ఆయన చదివినట్టల్లా నల్లపావులు కదిపేది భార్య. పెళ్ళయిన కొత్తలో అదే వాళ్ళ కాలక్షేపం.

ఒకరోజు ఆమె చెయ్యి ఆపి, "ఈ బంటు బదులు గుర్రాన్ని ఇటు తెస్తే ఏమవుతుందండీ?" అంది.

"అంతటి ఆటగాడికి తోచనిది నీకు తోచిందా? చెప్పింది జరుపు చాలు," అని కసిరాడు.

మర్నాటి నుంచి ఆ వేళకు ఆమెకు వంటింట్లో పని తెమిలేది కాదు. ఆయన రెండువైపులా తానే ఆడుకున్నాడు. పుస్తకాలు అటక దాకా పేరుకున్నాయి.

పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒక సాయంత్రం అదే ఆట మళ్ళీ వేస్తూ, ఎందుకో ఆ గుర్రాన్ని జరిపి చూశాడు. ఎంత బుర్ర బద్దలుకొట్టుకున్నా తెల్లరాజుకు తప్పించుకునే దారి దొరకలేదు. లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు.

"అప్పుడు నువ్వన్నదే మంచి ఎత్తు. రా, ఇవాళ పుస్తకం లేకుండా ఆడదాం."

ఆమె నవ్వింది. అందులో కోపం లేదు. "ఏ పావు ఎలా నడుస్తుందో కూడా మర్చిపోయానండీ. మీరు ఆడుకోండి."